గాదెలోని ఆకువాసన

గాదె క్రింది పందికొక్కు అను మాట మన భాషలో స్థిరపడిపోయినది. ఇంటిసొమ్మును చాటుగా తినువానిని మనము ఆ మాటతోనే నిందింతుము. పందికొక్కు ఇంత అపకీర్తి మూటగట్టుకొనుటకు కారణము లేకపోలేదు. అది త్రవ్విన కన్నము కంటబడును. అది ఒలికించిన గింజ కాలికి తగులును. కాని గాదె లోపలనే పుట్టి, గింజ నడుమ పెరిగి, చివరకు పొట్టును మాత్రము మిగిల్చిపోవు పురుగు సద్దు చేయదు. చేటలో పోసి చెరిగిననాడు గాని దాని పని బయటపడదు. అప్పటికి చెరుగుటకు ఏమియు మిగిలియుండదు.

ఈ చప్పుడులేని దొంగను మన పూర్వులు ఏ ఉపాయముతో ఎదుర్కొనిరి? వారు గాదెలో వేసిన ఆకులయందు నిజముగా గుణము కలదా, లేక అది వట్టి ఆచారమా? నేటి శాస్త్రము మొక్కలనుండి తీసిన సుగంధ తైలములను గూర్చి చెప్పుచున్నదానికిని, ఆ పాత అలవాటునకును సంబంధమేమి? ఈ ప్రశ్నలను మనము పలాస, టెక్కలి, ఉద్దానపు సీమలో నిలిచి విచారింతము.

తూర్పున సముద్రము, పడమట మహేంద్రగిరి వరుస. నడుమ టెక్కలి, పలాస, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము. తీరము వెంబడి ఇసుకనేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఉద్యానము అను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. తోటలు దాటి లోపలికి పోయినచో వరిచేలు. మెట్టనేలలో చోళ్ళు, ఉలవలు. రాగులను ఈ సీమలో చోళ్ళందురు. చూచుటకు ఇంత చల్లని సీమ గాని, ధాన్యము నిలువచేయువానికి ఇది సులభమైన చోటు కాదు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఆశ్వయుజ కార్తికములలో తుపానుల భయము. మార్గశిర పుష్యములలో కోసిన వడ్లలో విత్తనపు పాలు ఏరువాక వరకు చెడకుండ నిలువవలెను. ఆ ఆరు మాసములలోని ఉక్క, వేడిమి పురుగునకు పండుగవంటివి.

ఒక్క పంట చెడినయెడల ఏమగునో ఈ తీరము ఎరుగును. 1866లో ఒరిస్సాను పీల్చివేసిన మహాక్షామము దానినంటియున్న గంజాము జిల్లాను గూడ విడువలేదు. నాడు శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట ప్రాంతములు మదరాసు రాజధానిలోని ఆ గంజాము జిల్లాకే చెందినవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ తెలుగు సీమ విశాఖపట్టణము జిల్లాలో కలిసినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము వేరు జిల్లా అయినది. ఎల్లలు మారినను కరవు జ్ఞాపకము మారలేదు. ఇటువంటి చోట గాదె అనగా సంపదకు గురుతు మాత్రమే కాదు. అది మరుసటి సంవత్సరమునకు బ్రదుకు పూచీ.

ఈ పూచీని రాజనీతి గూడ గుర్తించినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని విధులు చెప్పినచోట, సమకూడిన దానిలో సగము ప్రజల ఆపదలకై నిలువయుంచవలెననియు, తక్కిన సగమే వాడుకొనవలెననియు, పాతదానిని తీసి క్రొత్తదానితో నింపుచుండవలెననియు విధింపబడినది. ఈ చివరి నియమము చిన్నదిగా కనబడును గాని, పురుగు సంగతి ఎరిగినవాడు చెప్పిన మాట అది. కదలించని ధాన్యమే పురుగునకు కాపురము.

మన పల్లెలలో నిలువ చేయు విధములు పలురకములు. నేలలో త్రవ్వి, గడ్డి పరచి, పైన మట్టితో మూసినది పాతర. వరిగడ్డిని త్రాడుగా పేని, చుట్టలు చుట్టలుగా లేపి, లోపల వడ్లు పోసినది పురి. వెదురుతో అల్లి, పేడయు మట్టియు కలిపి మెత్తినది గాదె. చిన్న మొత్తములకు మట్టికుండలు, బానలు. ఈ మెత్తుట అందము కొరకు కాదు. అల్లిక సందులలో పురుగు దాగును. ఆ సందులు పూడవలెను. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున రోమను దేశీయుడైన కేటో తన వ్యవసాయ గ్రంథమున గాదె గోడలకు ఒలీవ నూనె తీయగా మిగిలిన మడ్డితో మట్టిని, ఊకను కలిపి మెత్తుమని చెప్పెను. దేశములు వేరు, మడ్డి వేరు, ఆలోచన ఒక్కటియే.

ఇక ఆ పురుగులెవరు? బియ్యములోను, పగిలిన గింజలోను కనబడునది ముక్కుపురుగు. ఆడుపురుగు తన ముక్కుతో గింజకు రంధ్రము తొలిచి, అందులో గ్రుడ్డునుంచి, రంధ్రమును జిగురుతో పూడ్చివేయును. మన వేసవిలో నాలుగైదు వారములు గడచునప్పటికి అందుండి క్రొత్తపురుగు వెలువడును. ఒక ఆడుపురుగు తన జీవితకాలమున మూడువందల గ్రుడ్ల వరకు పెట్టగలదు. వడ్లకు శత్రువు వడ్లచిలుక. ఇది చిన్న రెక్కలపురుగు. దీని పిల్ల వడ్లగింజలోపలనే పెరిగి, గింజను డొల్ల చేయును. ఫ్రాన్సు దేశమున ఆంగూమువా అను సీమను ఈ పురుగే పాడుచేయగా, దానిని పరిశీలించి డ్యుహమెల్, టియే అను పండితులు 1762లో ఒక గ్రంథమే ప్రకటించిరి. గింజను పిండి చేసి విడుచునది నుసిపురుగు. పెసలు, ఉలవలు మొదలగు పప్పుగింజలకు పుచ్చుపురుగు. దాని గ్రుడ్లు గింజపై తెల్లని చుక్కలవలె అంటుకొనియుండును. చోళ్ళు మాత్రము ఏండ్లతరబడి నిలువయుండును. అంత చిన్న గింజలో ఈ పురుగులకు కాపురముండ చోటు చాలదు. కరవునెరిగిన ఊళ్ళలో చోళ్ళకు మన్నన కలుగుటకు ఇదియొక కారణము.

వీటికి ఎదురుగా మన గృహిణులు పట్టిన ఆయుధములు పెరటిలోనివే. వేపాకు, వావిలి ఆకు, కానుగాకు, వసకొమ్ము, పసుపు, ఎండుమిరపకాయ, బూడిద. ఎండిన ఆకును గాదె అడుగున పరచి, నడుమ నడుమ వరుసలుగా వేయుచు, పైన మరల కప్పుట వాడుక. విత్తనపు కుండలో ఒక వసకొమ్ము వేసి, మూతపై పేడ మెత్తుట మరియొక వాడుక. పప్పుగింజలకు ఆముదము పట్టించుట ఇంకొకటి.

ఇవన్నియు ఒకే తీరున పనిచేయునని అనుకొనరాదు. ఈ సంగతి తెలియకపోవుట వలననే కొందరు ఆకులను పూజింతురు, కొందరు పరిహసింతురు. బూడిదకు సువాసనతో పనిలేదు. సన్నని పొడి పురుగు ఒంటిపైనున్న మైనపు పొరను ఒరసి తీసివేయగా, పురుగు తనలోని తేమ పోగొట్టుకొని ఎండిపోవును. ఆముదము గ్రుడ్డును కప్పి దానికి గాలి ఆడనీయదు. కిలో పప్పుగింజలకు 5 మిల్లీలీటర్ల నూనె చాలును. వేపలో ప్రధానమైన గుణము చేదునందున్నది. ఆ చేదు పురుగు తిండిని మాన్పించును, కుబుసము విడుచుటను చెరచును. అది ఆకుకంటె గింజలో అధికము. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో 1960వ దశకమున వేపగింజపై జరిగిన పరిశోధనలు ఈ విషయమునకు లోకమంతట ప్రసిద్ధి తెచ్చినవి.

వావిలి, వస, పసుపు, తులసి, వాము, నిమ్మగడ్డి, నీలగిరి చెట్టు ఆకు, వీనికి తోడు వేరొక బలము కలదు. అదియే సువాసన. ఆకును నలిపినప్పుడు ముక్కునకు సోకునది ఆకులో సూక్ష్మమైన తిత్తులయందు దాగియున్న తైలము. ఆముదమువలె ఇది గుడ్డపై మరకగా నిలువదు, గాలిలో కలిసిపోవును. కావుననే దానిని సుగంధ తైలమందురు. నీలగిరి తైలమున సినియోలు, నిమ్మగడ్డిలో సిట్రాలు, తులసిలోను లవంగములోను యూజినోలు, వాములో థైమోలు ముఖ్యమైన పదార్థములు. మొక్క వీనిని మనకొరకు చేసికొన్నది కాదు. కదలలేని మొక్క తన్ను తినవచ్చు పురుగును దూరముంచుటకు పట్టిన ఆయుధములలో ఇవియు కొన్ని. పురుగునకు మనవలె ముక్కు లేదు. దాని ప్రక్కల వరుసగానున్న సన్నని రంధ్రముల గుండ గాలి లోనికి పోవును. తైలపు ఆవిరియు ఆ దారినే పోయి నరముల వ్యవహారమును తారుమారు చేయును. కొంచెమైనచో పురుగు తొలగిపోవును, ఎక్కువైనచో చచ్చును.

ఆకులోని ఈ తైలమును వేరుచేసి పట్టుట మన సీమ పొరుగున క్రొత్తవిద్య కాదు. ఇచ్ఛాపురము దాటినంతనే గంజాము తీరమున మొగలిపొదలు. అచ్చట బరంపురము, ఛత్రపురము పరిసరములలో మొగలిపువ్వునుండి తైలమును, అత్తరును తీయు పరిశ్రమ నేటికిని నడచుచున్నది. మగపువ్వునకే ఆ పరిమళము. తెల్లవారుజామున కోసిన పువ్వులను రాగిబానలో నీటితో పోసి, మూత అంచులకు మట్టి మెత్తి, క్రింద మంట పెట్టుదురు. వెదురుగొట్టము గుండ వచ్చిన ఆవిరి నీటిలో ముంచియుంచిన రాగిపాత్రలో చల్లబడి దిగును. ఆ విలువగల తైలమును ఎవరును ధాన్యములో పోయరు, పోయవలసినదియు కాదు. కాని ఆ బానను చూచినవానికి ఒక సత్యము బోధపడును. మట్టి మెత్తిన మూత ఒక్క వేలెడు వదులైనను పరిమళము పోవును. గాదె సంగతియు అంతే. ఈ మాటకు మరల వత్తుము.

పాత గాదెకు మొదటి ఎదురుదెబ్బ పురుగు వలన తగలలేదు, రైలు వలన తగిలినది. 1893 మొదలు 1896 వరకు విజయవాడ నుండి కటకము దాక తూర్పుతీరపు రైలుమార్గము నిర్మింపబడినది. 1900లో నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్నపట్టాల బండి నడచినది. ధాన్యము కళ్ళమునుండి నేరుగా దూరపు అంగడికి పోవుటకు దారి ఏర్పడినది. రొక్కము చేతికి వచ్చినది. ఏండ్లతరబడి దాచు అవసరము తగ్గినకొలది దాచు నేర్పును తగ్గినది. రెండవ ప్రపంచయుద్ధమును, 1943లో వంగదేశమును చెరచిన కరవును చూచినపిదప ప్రభుత్వము పెద్దయెత్తున నిలువ చేయవలసిన అగత్యము కలిగినది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడినవి. 1958లో హాపూరులో ధాన్యపు నిలువకు పరిశోధన, శిక్షణ కేంద్రము వెలసినది.

గిడ్డంగికి ఆకులు చాలవు. వేల బస్తాల నడుమ వావిలి మండ ఎంత? కాబట్టి రసాయనములు వచ్చినవి. డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు గోడలపై చల్లిరి. మిథైల్ బ్రోమైడు వాయువును వాడిరి. జర్మనీలో 1930వ దశకమున బయలుదేరిన అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్ళలు దేశమంతట వ్యాపించినవి. ఆ బిళ్ళకు తేమ తగిలినంతనే ఫాస్ఫీను వాయువు పుట్టి, గింజ లోపలి పురుగును గూడ చంపును. వాని వలన కోట్ల మందికి తిండి నిలిచినదన్న మాట మనము మరువరాదు. అయినను మూల్యము చెల్లింపక తప్పలేదు. డి.డి.టి.ని వ్యవసాయమున వాడుట మన దేశమున 1989లో నిషేధింపబడినది, బి.హెచ్.సి. 1997లో నిలిపివేయబడినది. మిథైల్ బ్రోమైడు ఆకాశములోని ఓజోను పొరను చెరచునని తేలగా, దాని వాడుకను ప్రపంచదేశములు క్రమముగా తగ్గించి, కొన్ని ప్రత్యేకావసరములకు మాత్రమే నిలుపుకొన్నవి. ఫాస్ఫీనునకు లొంగని పురుగులు పుట్టినవి. అన్నిటికంటె దుఃఖకరమైనది, ఆ బిళ్ళ ఇండ్లలోనికి చేరి ఎన్నో ప్రాణములు తీయుట. దానికి విరుగుడు మందు లేదు. నియమము ప్రకారము దానిని ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన నిపుణులు మాత్రమే వాడవలెను. పడుకొను గదిలోని బియ్యపు డబ్బాలో దాని చోటు ఎంతమాత్రమును కాదు.

ఇందువలననే శాస్త్రజ్ఞుల చూపు మరల ఆకులవైపు తిరిగినది. 1949లో టి. వి. సుబ్రహ్మణ్యము అను కీటకశాస్త్రజ్ఞుడు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వసకొమ్మును విలువైన కీటకనాశినిగా పరిచయము చేసెను. 1977లో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయమువారు వసలోని బీటా అసరోను అను పదార్థము పురుగును గొడ్డుపోవునట్లు చేయునని ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. అనగా వసకొమ్ము వేసిన కుండలో పురుగు చావకున్నను, దాని సంతానము ఆగును. అవ్వలు పలికిన మాటకు ఇంతకంటె చక్కని సాక్ష్యముండునా అనిపించును. 1991లో ఇజ్రాయెలు దేశపు పరిశోధకులు పలు సుగంధ తైలముల ఆవిరిని నిలువ ధాన్యపు పురుగులపై పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. ఆ సంవత్సరమే ఆఫ్రికాలోని రువాండా రైతులు చిక్కుడుగింజలలో కలుపు ఒకజాతి తులసి ఆకును పరిశీలించినవారు, దాని బలము లినలూలు అను సుగంధ పదార్థమునందున్నదని కనుగొనిరి.

కథను ఇచ్చటనే ముగించినచో వినుటకు బాగుండును. సత్యము మాత్రము సగమే అగును. వసలోని ఆ బీటా అసరోనే ప్రయోగశాలలో ఎలుకలకు పుట్టకురుపులు కలిగించినది. అమెరికా ప్రభుత్వము 1968లోనే వసను ఆహారపదార్థములలో వాడరాదని శాసించినది. పెరటిలో పెరిగినది గనుక హానిలేనిదను నమ్మకము శాస్త్రమునకు నిలువదు. పురుగు నరములను తాకు శక్తి కలది మన శరీరమును తాకనేరదని ఎవరు పూచీ పడుదురు? ఇచ్చట మన పూర్వుల వాడుకలోని ఒక వివేకమును గమనింపవలెను. వసకొమ్ము విత్తనపు కుండకు తగినది. విత్తనమును మనము తినము, నేలలో చల్లుదుము. తిండిగింజ సంగతి వేరు.

రెండవ చిక్కు కొలతది. ఖాళీసీసాలో పురుగును చంపిన తైలపు మోతాదు, ధాన్యము నిండిన పాత్రలో చాలదు. గింజలే ఆవిరిని పీల్చుకొనును. కావలసిన మొత్తము ఎన్నో రెట్లు పెరుగును. నూరు కిలోల పచ్చి నిమ్మగడ్డిని కాచినచో అరకిలోకు అటునిటుగా తైలము దిగును. అంత విలువగల దానిని బస్తాలకు పట్టించు రైతెవడు? పట్టించినను అన్నమునకు ఆ వాసన అంటును. మూడవ చిక్కు, సువాసన నిలువకపోవుట. పోవు గుణమే దాని బలము, పోవు గుణమే దాని లోపము. ఈ కారణముల చేతనే ఇన్ని పరిశోధనలు జరిగినను సుగంధ తైలము పెద్ద గిడ్డంగిలో ఫాస్ఫీను స్థానమును ఆక్రమింపలేదు. తైలమును సన్నని గుళికలలో బంధించి, మెల్లమెల్లగా విడుదల చేయు యత్నములు ఇప్పుడు జరుగుచున్నవి.

అయినచో పాతవారి ఆకు ఎట్లు పనిచేసినది? జవాబు పలాసలోనే కలదు. పలాస, కాశీబుగ్గల జీడిపరిశ్రమను ఎరుగనివారు తెలుగునాట అరుదు. ఆ జీడిపప్పునకును ఎర్రపిండిపురుగు శత్రువే. విదేశములకు పప్పును పంపు భారతీయ వర్తకులు దానిని తగరపు డబ్బాలలో పోసి, లోపలి గాలిని తీసి, బొగ్గుపులుసు వాయువు నింపి, మూత అతికి పంపెడివారు. ఆ డబ్బాలో మందు లేదు, ఆకు లేదు; ప్రాణవాయువు లేదంతే. పురుగు బ్రదుకలేదు. మెత్తిన పాతరలోను కొంతవరకు జరిగినదదియే. గింజలును, పురుగులును లోపలి ప్రాణవాయువును వాడుకొనగా మిగిలినది పురుగునకు చాలినది కాదు. ఎండించుట మొదటి రక్ష, మూయుట రెండవ రక్ష, ఆకువాసన మూడవది. మూసిన కుండలో వాసన నిలిచినది, నిలిచినందున పనిచేసినది. నేడు మనము నోరు తెరచిన గోనెసంచిలో నాలుగు వేపాకులు వేసి, పురుగు పట్టినదని వేపను నిందించుచున్నాము. పెద్దల ఆకును గైకొని, పెద్దల మూతను మరచితిమి.

జీడిమాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. జీడిగింజ పెంకునుండి వచ్చు నూనె ఘాటైనదని దానిని ధాన్యపు పాత్రలకు పూయవచ్చునని ఎవరైన తలపవచ్చును. అది సుగంధ తైలము కాదు. చర్మమును పొక్కించు ద్రవము. తిండిగింజ దరికి దానిని రానీయరాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటినది. ఏండ్లతరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగినవి. తోట మరల లేచుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లలో ఇంటిని నిలుపునది గాదెలోని గింజయే. ఇట్టి తీరమున ధాన్యరక్షణ చిన్నవిషయము కాదు.

కావున ఈ పాత చరిత్రనుండి మనము గ్రహింపదగినది ఇది. వడ్లను తేమ నూటికి 12 పాళ్ళకు మించకుండ ఎండించి, చల్లారినపిదప గాలి చొరని పాత్రలో నిండుగా పోసి, మూత బిగింపవలెను. పాతగింజను క్రొత్తగింజతో కలుపరాదు. ఖాళీ అయిన పాత్రను ఎండలో పెట్టి సందులు దులుపవలెను. వసకొమ్మును విత్తనమునకే పరిమితము చేయవలెను. తిండిగింజలకు వావిలి, వేప ఎండాకులు వేసినను, దంచుటకు ముందు చెరిగి తీసివేయవలెను. పచ్చి ఆకు వేయరాదు. దాని తేమయే పురుగునకు ఆహ్వానము.

ఆకు ఒంటరిగా గాదెను కాపాడినదని చరిత్ర చెప్పుట లేదు. ఎండయు, మూతయు తోడైనప్పుడే ఆకు కాపాడినది. కరవు చూచిన అవ్వ కుండమూతపై పేడ మెత్తునప్పుడు సినియోలు పేరు ఎరుగదు. కాని వాసన పోయినచో విత్తనము పోవునని ఎరుగును. నేటి ప్రయోగశాల ఆమెకు పేర్లు చేకూర్చినది, కొలతలు చేకూర్చినది, కొన్ని అపాయములను గూడ చూపినది. ఆమె మూత బిగించిన శ్రద్ధను మాత్రము ఏ ప్రయోగశాలయు మనకీయజాలదు. దానిని మనమే తిరిగి అలవరచుకొనవలెను.